సూది మనది, కత్తెర ఎవరిది?

తెల్లవారుజామున అయిదున్నరకి మా కూర్మన్నపాలెం జంక్షన్ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది. నేను పెళ్ళై ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఆ వేళకి రోడ్డు మీద కనిపించేది స్టీల్‌ప్లాంట్ ఎ-షిఫ్టుకి వెళ్ళే మగవాళ్ళే. హెల్మెట్లు, టిఫిన్ క్యారియర్లు, స్కూటర్లు. ఆడవాళ్ళం పాలప్యాకెట్టు కోసం గేటుదాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళం. ఇప్పుడు అదే జంక్షన్‌లో, ఉక్కు కార్మికులు దీక్షా శిబిరం వేసిన ఆర్చీకి కాస్త ఇవతల, బారులు తీరి నిలబడేది ఆడపిల్లలు. తడి జుట్టు, భుజాన సంచీ, చేతిలో అన్నం డబ్బా. దువ్వాడ వైపు, అచ్యుతాపురం వైపు వెళ్ళే కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి వీళ్ళని ఎక్కించుకుని పోతాయి.

వీళ్ళలో చాలామంది బట్టలు కుట్టే యూనిట్లకి వెళ్ళేవాళ్ళే. మావారి షిఫ్టు కోసం నేనూ ఆ వేళకే లేస్తాను కనుక, పాలబూత్ దగ్గర ఒక పిల్లతో పరిచయం అయింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఏ కంపెనీ అని నేను రాయను, ఆ చుట్టుపక్కల ఇలాంటి యూనిట్లు చాలానే ఉన్నాయి. "ఏం కుడతారమ్మా మీరు?" అని అడిగాను ఒకరోజు.

"లోపలేసుకునేవి ఆంటీ. నాను స్ట్రాపొక్కటే ఏస్తాను."

"మిగతాది?"

"మిగతాది వేరేవోళ్ళేస్తారు. ఒకలు కప్పు, ఒకలు ఎలాస్టిక్కు, ఒకలు హుక్కు. మొత్తం పీసు చివర్న ఎలగొస్తాదో నాకు తెల్దు. రెండేళ్ళయింది... ఒక్కటీ మొత్తంగా కుట్నేదు."

ఆ మాట అని నవ్వేసి బస్సెక్కేసింది. నేను మాత్రం ఇంటికొచ్చి కాఫీ కలుపుతూ దాని గురించే ఆలోచించాను. రోజుకి వందల స్ట్రాపులు వేసే పిల్లకి ఒక్క బట్ట కూడా పూర్తిగా కుట్టడం రాదు. కుట్టనివ్వరని కాదు, ఆ పని అలా ముక్కలుగా పంచి పెట్టి ఉంటుంది. లైన్ అంటారు దాన్ని. ఒక్కొక్కరు ఒక్కో ముక్క. గంటకి ఇన్ని అని లెక్క. ఎంత వేగంగా వేస్తే అంత మంచి ఆపరేటరు. కానీ ఆ వేగం పెరిగినంత మాత్రాన పని రాదు సుమండీ. స్ట్రాపు వేసిన చెయ్యి పదేళ్ళ తర్వాత కూడా స్ట్రాపే వేస్తుంది.

ఫ్యాషన్ రంగంలో స్త్రీల స్థానం అనగానే మన పత్రికల్లో, టీవీల్లో కనిపించేది ర్యాంపు మీద నడిచే అమ్మాయి, లేకపోతే చివర్లో వచ్చి నమస్కారం పెట్టే డిజైనరు. "ఆహా, ఆడవాళ్ళదే రాజ్యం" అనిపిస్తుంది. కట్టేది మనం, కొనేది మనం, కుట్టేది మనం. మరి ఏది కుట్టాలో, ఎంతకి అమ్మాలో, ఎవరి పేరు వెయ్యాలో నిర్ణయించేది ఎవరు?

ఈ మాట అడిగే ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేనేమీ గట్టున కూర్చుని నీతులు చెప్పే రకం కాను.

మా వీధి చివర రేకుల షెడ్డులో ఒకావిడ జాకెట్లు కుడుతుంది. పన్నెండేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆవిడ చేతివే. కొలతల పుస్తకం చూడకుండానే నా చంక కొలత చెప్పగలదు. "కుడి భుజం కాస్త దిగుంది కదమ్మా, అందుకే అటు మెడ జారిపోద్ది, నాను సర్దేస్తాను లెండి" అంటుంది. నాకే తెలియదు నా భుజం దిగి ఉందని! లైనింగుతో కుడితే మూడువందలు. పోయినేడు మూడువందల యాభై చేస్తానంటే, "అయ్యో అక్కా, ఒక్కసారే యాభయ్యా?" అని బేరం ఆడింది నేనే. ఆ వారమే మా ఆడపడుచు కొడుకు పెళ్ళికని గాజువాకలో ఒక బొటిక్‌లో మగ్గం వర్కు జాకెట్టుకి మూడువేల అయిదువందలు కట్టొచ్చాను. ఏసీ గదిలో కూర్చోబెట్టారు, ఫోన్‌లో బొమ్మలు చూపించారు. నోరెత్తితే ఒట్టు! తీరా వేసుకుంటే కుడివైపు మెడ జారింది. మళ్ళీ రేకుల షెడ్డుకే పట్టుకెళ్ళాను. ఆవిడ గుట్టుగా విప్పి, సర్ది, "డబ్బులేటొద్దులెండి, రెండు కుట్లే కదా" అంది.

ఆ రెండు కుట్లే డిజైను. కాగితం మీద పువ్వు గీయడం ఒక్కటే డిజైను అనుకుంటాం గానీ, బల్లపరుపు గుడ్డని ఒంపులున్న ఒంటికి అమర్చడం అసలు విద్య. దీన్నే పాఠశాలల్లో ప్యాటర్న్ మేకింగ్ అని నేర్పుతారు. మా అక్క ఆ పేరు వినలేదు. కానీ కత్తెర ఎక్కడ వంచాలో ఆవిడకి తెలుసు. ఆ షెడ్డు మీద బోర్డు చూడండి... "ఇచ్చట లేడీస్ జాకెట్లు కుట్టబడును. ఫాల్, పికో చేయబడును" అని రాసి కింద ప్రొప్రయిటర్‌గా వాళ్ళాయన పేరుంటుంది. ఆయన ఆటో తోలుతాడు. జన్మలో ఒక్కరోజు మిషను తొక్కినవాడు కాడు.

కుట్టుపని లోకంలో ఒక మాట నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. కత్తెర పట్టేవాడిని 'కటింగ్ మాస్టర్' అంటారు. మిషను మీద కూర్చునే ఆమె 'మిషనమ్మాయి'. గుడ్డ కోసేవాడు మాస్టరు, కుట్టేది అమ్మాయి. బొటిక్ వెనక గదిలోకి తొంగి చూస్తే మగ్గం చుట్టూ కూర్చుని జర్దోసీ, పూసలు కుట్టేది కూడా ఎక్కువగా మగవాళ్ళే. ఈ పనివాళ్ళలో చాలామంది బెంగాల్ నుంచో, ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చి, వాళ్ళూ ఇరుకు గదుల్లో కళ్ళు పోగొట్టుకుంటున్నవాళ్ళే, వాళ్ళని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఎక్కడ పని 'నేర్పు' అనిపించుకుంటే అక్కడ మగవాడుంటాడు, ఎక్కడ 'ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చేదేగా' అనిపించుకుంటే అక్కడ మనం ఉంటాం. నేర్పుకి కూలి ఉంటుంది. పుట్టుకతో వచ్చినదానికి కూలి ఏమిటి?

ఇది మన పల్లెల జబ్బు మాత్రమే అనుకోకండి. పారిస్‌లో డియోర్ అనే పెద్ద ఫ్యాషన్ సంస్థ 1946లో పెట్టారు. లోకంలోని ఆడవాళ్ళందరూ ఎలా ఉండాలో దశాబ్దాలపాటు అది చెప్పింది. దాని డిజైన్లకి ఒక స్త్రీ అధిపతి కావడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. 2016లో మరియా గ్రాత్సియా క్యూరి అనే ఇటలీ ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. 2025లో ఆవిడ తప్పుకున్నాక మళ్ళీ మగ డిజైనరే వచ్చాడు. ఆవిడ హయాంలోనే 2023 మార్చిలో ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు డియోర్ ప్రదర్శన జరిగింది. దానికి ఎంబ్రాయిడరీ పని చేసింది ముంబైలోని చాణక్య సంస్థ. ఆ సంస్థకి అనుబంధంగా ఉన్న చేతిపని పాఠశాలలో, తరతరాలుగా మగవాళ్ళ చేతుల్లో ఉన్న ఆ కుట్టుని ఆడవాళ్ళకి నేర్పుతున్నారు. ఇలాంటివి చదివినప్పుడు కాస్త ఊపిరి ఆడుతుంది.

మన దేశంలో పేరున్న స్త్రీలు లేరని కాదు. 1983లో 'గాంధీ' సినిమా దుస్తులకి ఆస్కార్ తెచ్చి, భారతీయుల్లో మొదటి ఆస్కార్ విజేత అయింది భాను అథయ్యా. రీతూ కుమార్ అరవైల చివర్లో కలకత్తా దగ్గర అచ్చుపని వాళ్ళతో మొదలుపెట్టి 2013లో పద్మశ్రీ దాకా వెళ్ళింది. మన తెలుగు సినిమా 'మహానటి' దుస్తులకి 2018 సంవత్సరపు జాతీయ అవార్డు ముగ్గురికి వస్తే అందులో ఇద్దరు, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు, ఆడవాళ్ళే. మూడోవారు గౌరంగ్ షా. సావిత్రి చీరల్ని మళ్ళీ నేయించి, ఆ కాలపు జాకెట్టు చేతుల్ని మళ్ళీ కుట్టించిన పని అది. మా అత్తగారు ఆ సినిమా చూసి, "మా రోజుల్లో అచ్చం ఇలాగే ఉండేవే చేతులు" అని మురిసిపోయింది. హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995లో వచ్చింది. అందులో చదివి బయటికొస్తున్న ఆడపిల్లలు ఎందరో. అయితే ఆ చదువు నాలుగేళ్ళు, ఖర్చు లక్షల్లో. ప్రవేశ పరీక్షకి కోచింగ్, దానికో ఫీజు. అచ్యుతాపురం బస్సెక్కే పిల్ల ఆ గేటు లోపలికి ఎలా వెళ్తుంది? గీసే అమ్మాయి ఒక దారిన వస్తుంది, కుట్టే అమ్మాయి ఇంకో దారిన వస్తుంది. రెండు దారులూ ఎక్కడా కలవవు. ఈ రంగంలో స్త్రీల స్థానం గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికన్నా పెద్ద సమస్యగా కనిపించేది ఇదే.

ఇంకో సంగతి. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త డెబ్భైల్లో మన నరసాపురం వచ్చి, లేసు అల్లే స్త్రీల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం వేసింది. 'నరసాపురం లేసు అల్లికదారులు' అని దాని పేరుకి అర్థం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. గోదావరి లంకల్లో వేలాది ఇళ్ళలో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని రోజుకి ఆరేడు గంటలు అల్లేవారు. సరుకు ఓడలెక్కి విదేశాలకి వెళ్ళేది. ఎగుమతి వ్యాపారులు మేడలు కట్టారు. అల్లినామెకి మాత్రం పొలం కూలికన్నా తక్కువ గిట్టేది. ఎందుకని? ఆమె 'గృహిణి' కనుక! తీరిక వేళల్లో సరదాగా అల్లుకుంటోంది కనుక, అది పని కిందికి రాదు కనుక. గడప దాటకపోవడం పరువు అనుకున్న ఆ ఇల్లాళ్ళు కూడా తమని తాము కార్మికులు అనుకోలేదట.

ఆ పుస్తకం గురించి చదివినప్పుడు నాకు నవ్వు, బాధ రెండూ వచ్చాయి. జనాభా లెక్కలవాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు "మీరేం చేస్తారమ్మా?" అంటే "ఏమీ చెయ్యనండీ, హౌస్‌వైఫ్" అని చెప్పినదాన్ని నేనే. అప్పటికి నా కథలు పదో పన్నెండో అచ్చయ్యాయి.

మన ఉత్తరాంధ్రకి వస్తే పొందూరు ఉంది. ఆ ఖద్దరు సన్నదనం గాంధీగారినే ఆశ్చర్యపరిచింది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, నూరో నంబరు నూలు దాకా చేత్తో వడికేది ఆడవాళ్ళు. ఒక పంచె అంత మెత్తగా ఉందంటే దానికి కారణం మగ్గం కన్నా ముందు ఆ వడికిన వేళ్ళు. పంచె కట్టిన పెద్దమనుషుల పేర్లు మనందరికీ తెలుసు. వడికిన ఒక్కామె పేరు చెప్పండి చూద్దాం. నేనూ చెప్పలేను, రెండు గంటల ప్రయాణం దూరంలో ఉండి కూడా.

దారులు కలపొచ్చని నాకు నమ్మకం కలిగించిన స్త్రీ ఒకరున్నారు. హైదరాబాద్‌లో సురయ్యా హసన్ బోస్. 1928లో పుట్టి, 2021లో తొంభై మూడేళ్ళ వయసులో పోయారు. హిమ్రూ, మష్రూ, తేలియా రుమాల్ లాంటి, దాదాపు మర్చిపోయిన నేతల్ని ఆవిడ బతికించారు. అంతవరకు చాలామంది చేశారు అనుకోవచ్చు. ఆవిడ చేసిన గొప్ప పని ఇంకోటి ఉంది. వితంతువులైన స్త్రీలని తెచ్చి, తరాలుగా మగవాళ్ళే నేసిన ఆ కష్టమైన మగ్గాల మీద కూర్చోబెట్టి పూర్తి పని నేర్పించారు. అదే ఆవరణలో పిల్లలకి బడి నడిపారు. అంటే నేసే తల్లి ఒక గదిలో, చదువుకునే బిడ్డ పక్క గదిలో. పని నేర్పడం అంటే ముక్క నేర్పడం కాదని ఆవిడకి తెలుసు. నేసే చేతికి నమూనా చదవడం కూడా రావాలి.

ఇప్పుడు మళ్ళీ మా బస్సుల దగ్గరికి వద్దాం. అచ్యుతాపురంలో శ్రీలంక వారి బ్రాండిక్స్ అపారెల్ సిటీ వెయ్యి ఎకరాల్లో ఉంది. వేల మంది పనిచేస్తారు, అత్యధికులు స్త్రీలే. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఈ యూనిట్లు వచ్చాక మన చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లల చేతికి జీతం వచ్చింది. పదో తరగతి అవగానే పెళ్ళి అనే మాట వెనక్కి పోయింది. తన పేరు మీద బ్యాంకు ఖాతా, తన ఫోను, తమ్ముడి ఫీజు తను కట్టానన్న ధీమా... ఇవి చిన్నవి కావు. నేను డిగ్రీ చదివి కూడా పెళ్ళయ్యేదాకా నా పేరున పాస్‌బుక్ ఎరగను.

కానీ 2022లో ఏం జరిగింది? జూన్ 3న ఆ సెజ్‌లోని ఒక యూనిట్‌లో ఘాటు వాయువు పీల్చి వందమందికి పైగా కార్మికులు వాంతులతో, కళ్ళు తిరిగి పడిపోయారు. రెండు నెలలు తిరక్కుండా ఆగస్టు 2న అదే చోట మళ్ళీ అదే ఘోరం. పడిపోయినవాళ్ళు ఆడపిల్లలే, కొందరు గర్భిణులు కూడా. యూనిట్ మూయించి విచారణ అన్నారు. ఆ రాత్రి మా వీధిలో రెండిళ్ళ తల్లులు ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. లోకంలో దీనికి ముందు కథలున్నాయి. 1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ కుట్టు ఫ్యాక్టరీలో మంటలంటుకుని 146 మంది చనిపోయారు, అందులో 123 మంది స్త్రీలు, బాలికలు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. ముందురోజే గోడలు బీటలు వారాయి. అయినా మర్నాడు పనిలోకి రమ్మన్నారు. వెళ్ళనని అనగలిగే స్థితి ఆ అమ్మాయిలకి లేదు.

ఆ స్థితే నేను అడుగుతున్న 'స్థానం'. ఎందుకంటే ఈమధ్య నియమాలు మారుతున్నాయి. మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి, రాత్రి షిఫ్టుల్లో స్త్రీలని అనుమతించడానికి ఒప్పుకుంది. 2025 నవంబర్ 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. వాటి ప్రకారం స్త్రీ తన ఇష్టంతో, రక్షణ ఏర్పాట్లుంటే, రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకి ముందు కూడా పనిచేయొచ్చు. రాత్రి పని చేయకూడదని తలుపులు మూసేయడం నాకూ నచ్చదు. నర్సులు చెయ్యడం లేదా? 'ఇష్టం' అన్న మాట దగ్గరే నా భయమంతా. స్ట్రాపు ఒక్కటే వచ్చిన పిల్ల "నాకు ఇష్టం లేదు" అంటే ఏమవుతుంది? ఆమె జాగాలో రేపు ఇంకో పిల్ల కూర్చుంటుంది, వారం రోజుల్లో స్ట్రాపు నేర్చుకుంటుంది. అదే ప్యాటర్న్ వేయడం వచ్చిన మనిషైతే, యాజమాన్యం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. పని పూర్తిగా వచ్చిన మనిషి మాటకి ఉన్న విలువ ముక్కపని మనిషి మాటకి ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు తిరుప్పూరు కుట్టు యూనిట్లు గగ్గోలు పెట్టాయి. ఎక్కడో సముద్రాల అవతల ఒక సంతకం పడితే ఇక్కడ లైన్ ఆగిపోతుంది. అప్పుడు స్ట్రాపు మాత్రమే వచ్చిన పిల్ల ఇంటికొచ్చి ఏం కుడుతుంది?

చట్టంలో మంచివీ ఉన్నాయి, అవి మన అమ్మాయిలకి తెలియాలి. 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు, 50 మందికి మించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్, పదిమంది ఉన్న ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు వినే కమిటీ. ఇవి దయాధర్మాలు కావు, హక్కులు. వీటితోపాటు నేను కోరేది ఒకటుంది. ప్రభుత్వం ఈ కంపెనీలకి భూములు ఇస్తోంది, రాయితీలు ఇస్తోంది, శిక్షణ పేరున ఖర్చు పెడుతోంది. ఆ శిక్షణ మిషను తొక్కించడంతో ఎందుకు ఆగాలి? రెండేళ్ళు పనిచేసిన ప్రతి అమ్మాయికీ కటింగ్, ప్యాటర్న్, కంప్యూటర్ మీద డిజైన్ నేర్పే సాయంత్రపు తరగతులు ఆ ఆవరణలోనే పెట్టకూడదా? నిఫ్ట్ లాంటి సంస్థలు కుట్టుపనిలో అనుభవం ఉన్నవాళ్ళకి కొన్ని సీట్లు, ఫీజు లేకుండా, ఇవ్వకూడదా? వెయ్యి ఎకరాల్లో ఒక గది పెద్ద లెక్క కాదు.

నా వంతు నేను చేసింది చాలా చిన్న పని. ఆ పాలబూత్ పిల్లని తీసుకెళ్ళి మా అక్క షెడ్డులో కూర్చోబెట్టాను. ఆదివారాలు మధ్యాహ్నం వస్తోంది. మొదటి రోజు పాత చీర ముక్క మీద చేతి కటింగ్ చేస్తూ కత్తెర నిలువుగా పట్టింది. "అలగ కాదే గుంటా, పడుకోబెట్టి తొయ్యాల" అని అక్క కసిరింది. ఒంపు సరిగ్గా రాక పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాలుగో ఆదివారానికి తన జాకెట్టు తనే కుట్టుకుంది. ఎడమ చంక దగ్గర ముడత ఉంది. అయినా అదే వేసుకుని మర్నాడు బస్సెక్కింది. రెండు ఆదివారాలు మాత్రం రాలేదు, ఓవర్‌టైం పడిందట.

మొన్న అక్క షెడ్డుకి రంగులు వేయిస్తోంది. బోర్డు కూడా మార్చాలట. "మీరు కథలు రాస్తారు కదమ్మా, ఏటి రాయించమంటారు?" అంది. నీ పేరు రాయించమన్నాను. పక్కన డిజైనర్ అని పెట్టమన్నాను. సిగ్గుపడి నవ్వింది. "పేరు పెడితే పెడతాను గానీ, ఆ మాటెడితే రేటు పెంచాల కదా, నాలుగువందల యాభై అంటే వీధిలో ఆడోళ్ళొస్తారా?" అంది. వాళ్ళాయన ఆటోలోంచి దిగి, "నా పేరుకేటయింది?" అన్నాడు, నవ్వుతూనే లెండి.

పెయింటరు ఆదివారం వస్తానన్నాడు. "అందరి సంగతి ఎందుకు, మీరొస్తారా చెప్పండి ముందు" అంది అక్క, టేపు మెడలో వేసుకుంటూ. సంక్రాంతికి తీసుకున్న వెంకటగిరి చీర జాకెట్టు గుడ్డ సంచిలోంచి తీసి ఇచ్చాను. నాలుగువందల యాభై అడ్వాన్సుగా పెట్టాను. రసీదు లేదు కనుక కొలతల పుస్తకంలోనే రాసుకుంది.